జారిపోయిన స్టెంట్, 96 దగ్గరే నిలిచిన ఆక్సిజన్: శ్వాసనాళ ప్రొస్థెసిస్ ఉన్న రోగి రిహాబిలిటేషన్‌లో ఎదురైన చిక్కులు

ఆమె నడక తగ్గడం మొదలైన రోజుకూ, మేము ఆమె శ్వాసనాళంలోకి చూసిన రోజుకూ మధ్య తొమ్మిది రోజులు గడిచాయి. ఆ తొమ్మిది రోజులూ వేలికి తొడిగి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్ 95, 96 చూపిస్తూనే ఉంది. ఆమె మాత్రం వచ్చిన ప్రతిసారీ ముందటి కంటే తక్కువ దూరం నడిచారు. శ్వాసనాళంలో ప్రొస్థెసిస్ ఉన్నవారికి, అంటే దారిని తెరిచి ఉంచే గొట్టమైన స్టెంట్ గానీ, మెడ బయటికి ఒక కొమ్మ ఉండే టీ ట్యూబ్ గానీ ఉన్నవారికి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టులకు, పల్మనాలజిస్టులకు, వారిని ఇంట్లో చూసుకునే కుటుంబ సభ్యులకు పనికొస్తుందని ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. రోగిని గుర్తుపట్టే వివరాలేవీ ఇవ్వడం లేదు.

నేపథ్యం

ఆమె వయసు 52. వృత్తి బడిలో పాఠాలు చెప్పడం. అంతకుముందు ఊపిరితిత్తుల జబ్బు లేదు, పొగ అలవాటు లేదు. తీవ్రమైన న్యుమోనియాతో ఐసీయూలో చేరి, నోటి ద్వారా వేసిన గొట్టంతో 16 రోజులు, ఆ తర్వాత ట్రేకియాస్టమీతో (మెడ ముందు రంధ్రం చేసి శ్వాసనాళంలోకి వేసే గొట్టంతో) మరో 23 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. కోలుకున్నాక గొట్టం తీసేశారు, మెడ మీది రంధ్రం మూసుకుంది, ఇంటికి వెళ్లారు. ఏడు వారాల తర్వాత ఆయాసం మొదలైంది. మెట్లు ఎక్కితే వచ్చే ఆయాసం కొద్ది రోజుల్లో స్నానం చేసి బట్టలు మార్చుకున్నా రావడం మొదలుపెట్టింది. ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయని ఆస్తమాగా భావించి ఐదు వారాలు ఇన్‌హేలర్లు, మధ్యలో రెండు సార్లు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. తగ్గలేదు.

నిజానికి అవి పిల్లికూతలు కావు. పిల్లికూత ఎక్కువగా గాలి వదిలేటప్పుడు ఛాతీలో వినిపిస్తుంది. ఈమెకు గాలి పీల్చేటప్పుడు, మెడ మీద స్టెతస్కోప్ పెట్టినప్పుడు అన్నిటికంటే గట్టిగా వినిపించే కీచు శబ్దం ఉంది. దానినే స్ట్రైడర్ అంటాం. వెంటిలేటర్ మీద ఉండి వచ్చిన మనిషికి కొన్ని వారాలకో నెలలకో ఆయాసం వచ్చి, ఇన్‌హేలర్లకు లొంగకపోతే, శ్వాసనాళం ఇరుకైందేమోనని ముందుగా అనుమానించాలి. సీటీ స్కాన్‌లో స్వరతంత్రులకు దాదాపు 3 సెంటీమీటర్ల కింద, పాత ట్రేకియాస్టమీ ఉన్న చోటనే, 2.5 సెంటీమీటర్ల పొడవున శ్వాసనాళం కుంచించుకుపోయి కనిపించింది. అన్నిటికంటే ఇరుకైన చోట వ్యాసం 5 మి.మీ. మామూలుగా ఆ వయసు స్త్రీలలో అది 15 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. సాధారణంగా 8 మి.మీ. కంటే తగ్గితే శ్రమలో ఆయాసం, 5 మి.మీ.కి చేరితే కూర్చున్నా స్ట్రైడర్ వస్తాయి. ఆమె ఆ రెండో గీత మీద ఉన్నారు.

ఇలా ఇరుకవడానికి మూలం ఎక్కువసార్లు ఒత్తిడే. వెంటిలేటర్ గొట్టం చుట్టూ ఉండే గాలి బెలూన్‌లో ఒత్తిడిని నీటి మట్టం లెక్కలో 20 నుంచి 30 సెంటీమీటర్ల మధ్య ఉంచమంటాం. 30 దాటితే శ్వాసనాళం లోపలి పొరకు రక్తం అందడం తగ్గుతుందనీ, 50 దగ్గర దాదాపు ఆగిపోతుందనీ 1984లో ఎండోస్కోపీ ఫొటోలతో సహా చూపించారు. రక్తం అందని పొర పుండవుతుంది, పుండు కింద మృదులాస్థి కరుగుతుంది, మానేటప్పుడు మచ్చ బిగుసుకుంటుంది. ట్రేకియాస్టమీ రంధ్రం మానేటప్పుడు కూడా ఇదే జరగవచ్చు. ఆ బిగింపునకు వారాలు పడుతుంది కాబట్టే రోగి ఇంటికి వెళ్లి, అందరూ ఊపిరి పీల్చుకున్నాక జబ్బు బయటపడుతుంది.

స్టెంట్ ఎందుకు వేశారు

ఇలాంటి ఇరుకుకు శాశ్వత చికిత్స, ఆ భాగాన్ని కత్తిరించి తీసేసి రెండు కొసలనూ కలిపి కుట్టడం. కానీ ఆమె అప్పటికి 43 కిలోల బరువున్నారు, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారు, న్యుమోనియా మిగిల్చిన మచ్చలు ఊపిరితిత్తుల్లో ఇంకా మానుతున్నాయి. స్టెరాయిడ్ కుట్లను మాననివ్వదు. సర్జరీ తర్వాత మళ్లీ వెంటిలేటర్ అవసరమైతే కొత్త కుట్ల మీదే గొట్టం ఒత్తుతుంది. అందుకని సర్జన్, ఇంటర్వెన్షనల్ పల్మనాలజిస్టు కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. నోటి ద్వారా వంగని గొట్టం దించి శ్వాసనాళం లోపల చూసే రిజిడ్ బ్రాంకోస్కోపీతో ఇరుకును వెడల్పు చేసి సిలికాన్ స్టెంట్ పెట్టాలి. ఆ దారి తెరుచుకుని ఉండగా మేము ఆమెను సర్జరీకి తట్టుకునే స్థితికి తీసుకురావాలి. మా దగ్గరకు పంపిన కాగితంలో లక్ష్యం ఒక్క వాక్యంలో ఉంది: మూడు నెలల్లో బరువు, కండబలం పెంచాలి, స్టెరాయిడ్ ఆపాలి.

లోహపు జాలీ స్టెంట్ ఎందుకు వేయలేదని ఆమె కూతురు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. లోహపు జాలీ వేయడం తేలిక. కానీ నెలలు గడిచేకొద్దీ జాలీ కన్నాల్లోంచి కణజాలం పెరిగి గోడలో కలిసిపోతుంది, తీగలు విరగవచ్చు, తీయబోతే గోడే చిరగవచ్చు. క్యాన్సర్ కాని ఇరుకులకు మిగతా మార్గాలన్నీ చూశాకే లోహపు స్టెంట్ గురించి ఆలోచించమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌కి చెందిన వైద్యుడు జాఁ ఫ్రాన్స్వా డ్యూమన్ 1990లో ప్రచురించిన సిలికాన్ స్టెంట్‌ను మత్తు ఇచ్చి రిజిడ్ బ్రాంకోస్కోప్‌తోనే పెట్టాలి. అయితే కావాలనుకున్నప్పుడు తీయవచ్చు. సర్జరీ ముందున్న మనిషికి అదే ముఖ్యం.

ఆమెకు పెట్టినది 14 మి.మీ. వ్యాసం, 40 మి.మీ. పొడవు. గోడ మందం పోను లోపల మిగిలేది 11, 12 మి.మీ. ఇరుకు తెరుచుకోగానే ఆయాసం తగ్గింది. తెరుచుకున్నందుకు శ్వాసనాళం చెల్లించే మూల్యం కూడా అప్పుడే మొదలైంది. శ్వాసనాళం లోపలి పొర మీద నూగులాంటి సన్నని శైలికలు (సిలియా) రాత్రింబవళ్లు కఫాన్ని పైకి నెడుతుంటాయి. సిలికాన్ మీద శైలికలు ఉండవు. కింది నుంచి వచ్చిన కఫం స్టెంట్ అంచు దగ్గర ఆగిపోతుంది. ఆ నాలుగు సెంటీమీటర్లూ దాటించగలిగేది దగ్గు ఒక్కటే.

మొదటి మూడు వారాలు

స్టెంట్ పెట్టిన 12వ రోజున రిహాబిలిటేషన్ మొదలైంది. ఆరు నిమిషాల నడకలో 210 మీటర్లు. ఆక్సిజన్ 96 నుంచి 93కు దిగింది, ఆయాసం 0 నుంచి 10 దాకా ఉండే బోర్గ్ స్కేల్‌లో 5. యంత్రంలోకి బలంగా ఊదించే స్పైరోమెట్రీలో ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో వదిలిన గాలి) 1.70 లీటర్లు, పీక్ ఫ్లో (గాలి వదిలే గరిష్ఠ వేగం) సెకనుకు 4.1 లీటర్లు. వారానికి మూడు సెషన్లు. నడక, కూర్చుని లేవడం, తొడ కండరాలకు బరువులు, చేతులకు తేలికపాటి వ్యాయామం. రోజుకు మూడు సార్లు 4 మి.లీ. సెలైన్ నెబ్యులైజర్, దాని వెంటనే హఫ్. హఫ్ అంటే గొంతు మూసుకోకుండా, అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు ఊదినట్టు నోరు తెరిచి గాలిని బలంగా వదలడం. దగ్గు కంటే గోడల మీద ఒత్తిడి తక్కువ, కఫం కదిలించే బలం చాలినంత.

మూడో వారం చివర 285 మీటర్లు నడిచారు. ఈ పరీక్షలో సుమారు 30 మీటర్ల పెరుగుదలనే రోగికి తెలిసేంత మార్పుగా లెక్కిస్తాం. 75 మీటర్లు పెరిగాయంటే మా బృందమంతా సంతోషించింది. ఆ సంతోషమే తర్వాతి వారంలో మా కళ్లకు అడ్డుపడిందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ తొమ్మిది రోజులు

నాలుగో వారం సోమవారం ఆమె 15 నిమిషాల నడకను 11 నిమిషాలకే ఆపేశారు. రాత్రి నిద్ర పట్టలేదన్నారు. రాసుకున్నాం. బుధవారం 10 నిమిషాలు. గొంతులో ఏదో కదులుతున్నట్టుందని చెప్పారు. స్టెంట్ ఉన్న చాలామంది అనే మాటే కదా అనుకున్నాం. శుక్రవారం కూతురు పక్కకు పిలిచి, అమ్మ నోటి నుంచి వాసన వస్తోందని మొహమాటపడుతూ చెప్పారు. దంతాలు చూపించమన్నాం. ఆక్సిజన్ 96. ఆ అంకె చూసి మళ్లీ ధైర్యం తెచ్చుకున్నాం.

నిద్ర లేకపోవడం, వాసన, గొంతులో కదలిక, నడక తగ్గడం. నాలుగూ నాలుగు చోట్ల, నలుగురి చేతిరాతలో ఉన్నాయి. ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి చదివిన వారు లేరు. మేము ఇచ్చిన సలహా, కొంచెం విశ్రాంతి తీసుకుంటూ ఎక్కువ విడతలుగా నడవమని. ఆమె అది కూడా పాటించారు. మనసు పెట్టి పనిచేసే రోగులతో ఉండే ప్రమాదం ఇది. శరీరం ఆపమంటున్నా మనం చెప్పామని నడుస్తారు.

తర్వాతి బుధవారం వరండాలో నడుస్తూ ఏడో నిమిషంలో ఆగారు. ఎడమ చేయి గోడకు ఆనించి, తల ముందుకు చాచి, గడ్డం పైకెత్తారు. భుజాలు పైకి లేస్తున్నాయి, కాలర్ ఎముక పైన గుంట లోపలికి పోతోంది. పీల్చే గాలి సన్నగా కీచుమంది. పక్కనే ఉన్న ఫిజియోథెరపిస్టు ఆమె నడుము పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. వేలికి ఉన్న మీటర్ 95 చూపిస్తోంది. ఐదారు హఫ్‌ల తర్వాత ఎండిన జిగురు ముద్దలాంటి పచ్చని కఫం పడింది. చిటికెన వేలి గోరంత. శబ్దం తగ్గింది గానీ పోలేదు. కఫం ఒక్కటే కారణమైతే శబ్దం పూర్తిగా పోయి ఉండాలి.

ఆక్సిజన్ ఎందుకు పడిపోలేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ అంకెను నమ్మి మోసపోయే వారు ఇంకా చాలామంది ఉన్నారు. ఇరుకు ఉన్నది పెద్ద దారిలో. రక్తంలోకి ఆక్సిజన్ చేరే గాలి గదులు బాగానే ఉన్నాయి. రోగి కండరాలు రెట్టింపు శ్రమ పడి ఆ ఇరుకులోంచే కావలసినంత గాలి లాగుతున్నంత సేపూ రక్తంలో ఆక్సిజన్ మామూలుగానే ఉంటుంది. ప్రవాహం సాఫీగా ఉన్నప్పుడు కూడా గొట్టం వ్యాసార్ధం సగమైతే అడ్డంకి 16 రెట్లు పెరుగుతుంది. సుళ్లు తిరిగే ప్రవాహంలో ఇంకా ఎక్కువ. విశ్రాంతిలో నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి చాలు. నడకలో దానికి మూడు నాలుగు రెట్లు కావాలి. అందుకే లోపం మొదట నడకలో బయటపడుతుంది. అంకె పడిపోయే వేళకు కండరాలు చేతులెత్తేసి ఉంటాయి, అప్పుడు మిగిలేవి నిమిషాలే.

కాగితం మీద కనిపించినదీ, కనిపించనిదీ

ఆ రోజే స్పైరోమెట్రీ చేశాం. ఎఫ్‌ఈవీ1 1.62 లీటర్లు. మొదటి రోజు కంటే 80 మి.లీ. మాత్రమే తక్కువ. అడుగున యంత్రం తనంతట తాను ముద్రించిన వ్యాఖ్య, ఊపిరితిత్తుల సామర్థ్యం స్వల్పంగా తగ్గిందని. అంతవరకే చదివే అలవాటున్న వారెవరైనా ఫైలు మూసేస్తారు. పీక్ ఫ్లో మాత్రం సెకనుకు 4.1 నుంచి 2.3 లీటర్లకు పడిపోయింది. గ్రాఫ్‌లో గాలి వదిలే వంపు మీద శిఖరం ఉండాల్సిన చోట బల్లపరుపుగా ఉంది. పీల్చే వంపు కూడా అలాగే ఉంది. రెండు వైపులా చదునైతే అది పెద్ద దారిలో ఉన్న, కదలని అడ్డంకి.

1972 నుంచి ఉన్న ఒక తేలిక లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఎంపీ (Empey) అనే వైద్యుడి పేరు మీద ఎంపీ సూచిక అంటారు. ఎఫ్‌ఈవీ1ను మిల్లీలీటర్లలో తీసుకుని, నిమిషానికి లీటర్లలో ఉన్న పీక్ ఫ్లోతో భాగించాలి. 10 దాటితే పై దారిలో అడ్డంకిని అనుమానించాలి. యంత్రం పీక్ ఫ్లోను సెకనుకు ఇస్తుంది కాబట్టి ముందు 60తో గుణించాలి. మొదటి రోజు 1700ను 246తో భాగిస్తే 6.9. ఇప్పుడు 1620ను 138తో భాగిస్తే 11.7. మొదటి సెకనులో వదిలిన మొత్తం గాలి పెద్దగా మారదు, ఎందుకంటే దాని చివరి భాగాన్ని నియంత్రించేవి చిన్న నాళాలు. పెద్ద దారిలో అడ్డంకి శిఖరాన్నే కోసేస్తుంది. ఈ లెక్కకు కాలిక్యులేటర్ చాలు. సోమవారమే చేసి ఉంటే ఆ తొమ్మిది రోజులు ఆమె గోడలు పట్టుకుని నడిచి ఉండేవారు కాదు.

బ్రాంకోస్కోపీలో మూడు చిక్కులు ఒకేసారి కనిపించాయి. స్టెంట్ దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ కిందికి జారింది. దాని పై అంచు సరిగ్గా పాత ఇరుకు మధ్యలో నిలిచి, ప్రతి శ్వాసకూ అక్కడి గోడను ఒరుసుకుంటోంది. ఒరుసుకున్న చోట ఎర్రగా, తాకితే రక్తం వచ్చేలా గ్రాన్యులేషన్ కణజాలం (గాయం మానేటప్పుడు పెరిగే మెత్తని కండ) పెరిగింది. స్టెంట్ లోపలి గోడకు ఎండిన కఫం పొరలుగా అతుక్కుని ఉంది. గాలికి మిగిలిన దారి 6 మి.మీ.

మూడూ విడివిడి జబ్బులు కావు. జారడం వల్ల ఒరిపిడి, ఒరిపిడి వల్ల కణజాలం, కణజాలం వల్ల కఫం నిలవడం, నిలిచిన కఫంలో బ్యాక్టీరియా, అందువల్ల వాసన, మరింత దగ్గు, దగ్గుతో మరింత కదలిక. ఎక్కడ మొదలైనా చుట్టూ తిరిగి అక్కడికే వస్తుంది.

కఫం పరీక్షలో సూడోమోనాస్, స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెరిగాయి. చాలాచోట్ల ఆ కాగితం చూడగానే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. మేము పెట్టలేదు. శరీరంలో పరాయి వస్తువు ఉన్నంత కాలం దాని మీద బ్యాక్టీరియా స్థిరపడటం మామూలే. జ్వరం, ఎక్స్‌రేలో కొత్త నీడ, ఒంట్లో నలత ఉంటేనే అది ఇన్ఫెక్షన్. ఆమెకు అవేవీ లేవు. స్టెంట్ తీశాక రెండు రోజుల్లో వాసన పోయింది.

మా వ్యాయామమే జార్చిందా?

కూతురు ఈ మాట నేరుగా అడగలేదు. నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. నడక స్టెంట్‌ను జార్చదు. కాళ్ల వ్యాయామం కూడా జార్చదు. స్టెంట్‌ను పట్టి ఉంచేది చుట్టూ ఉన్న గోడ బిగింపు, బయటివైపు ఉండే చిన్న బొడిపెలు. క్యాన్సర్ గడ్డ బయటి నుంచి నొక్కుతుంటే స్టెంట్ గట్టిగా నిలుస్తుంది. ఇలాంటి పొట్టి మచ్చ ఇరుకును వెడల్పు చేశాక పట్టు తక్కువ, పైగా స్వరపేటికకు దగ్గరగా ఉన్న చోట ప్రతి మింగుడుకూ, ప్రతి మాటకూ శ్వాసనాళం పైకీ కిందికీ కదులుతుంది. దగ్గినప్పుడు మెత్తని వెనుక గోడ ముందుకు వచ్చి స్టెంట్‌ను నొక్కుతుంది. మూడో వారంలో ఆమెకు జలుబు చేసి రెండు రాత్రులు ఆగకుండా దగ్గారు. నా అంచనా ప్రకారం జారినది అప్పుడే. దగ్గు రాగానే హఫ్‌లోకి మారడం ఆమెకు పగటిపూట వచ్చింది, అర్ధరాత్రి నిద్రలోంచి లేచినప్పుడు రాలేదు. అది నేర్పలేదు. ఇప్పుడు పడుకుని ఉన్న స్థితిలో, ఉలిక్కిపడి లేచిన స్థితిలో కూడా హఫ్ సాధన చేయిస్తున్నాం.

ఇంకొకటి మార్చుకున్నాం. స్టెంట్ పెట్టిన మొదటి నెలలో వీపు మీద గట్టిగా తట్టడం, తల కిందికి వంచి పడుకోబెట్టి కఫం తీయించడం మానేశాం. వాటి వల్లే స్టెంట్ జారుతుందని నిరూపించలేను. హఫ్, సెలైన్, పక్కకు పడుకోవడం సరిపోతున్నప్పుడు వాటి అవసరం కనిపించలేదు.

టీ ట్యూబ్

మత్తు ఇచ్చి స్టెంట్ తీశారు, కణజాలం తొలగించారు, పాత ట్రేకియాస్టమీ చోటును మళ్లీ తెరిచి 12 మి.మీ. టీ ట్యూబ్ పెట్టారు. బోస్టన్ వైద్యుడు విలియం మాంట్‌గోమరీ 1965లో దీనిని పరిచయం చేశారు. ఇది కూడా సిలికానే. రెండు కొమ్మలు శ్వాసనాళంలో పైకీ కిందికీ ఉంటాయి, మూడో కొమ్మ మెడ బయటికి వస్తుంది. ఆ మూడో కొమ్మ వల్ల ఇది జారదు. ఆమె వయసు స్త్రీకి మెడ మీద మళ్లీ గొట్టం అంటే ఎంత బాధో నాకు తెలుసు. మొదటి రెండు రోజులు అద్దం చూడలేదు. బయటి కొమ్మకు మూత పెట్టగానే తన గొంతుతో తాను మాట్లాడగలిగినప్పుడు ఏడ్చారు, ఆ తర్వాత నిలదొక్కుకున్నారు.

మూత గురించి ఎంత చెప్పినా తక్కువే. మూత పెట్టి ఉంటే గాలి ముక్కు ద్వారా వెళ్తుంది, తడిగా వెచ్చగా లోపలికి చేరుతుంది. మూత తీసి ఉంచితే పొడి గాలి నేరుగా సిలికాన్ మీదికి వస్తుంది, కఫం గంటల్లో పెచ్చు కడుతుంది. అదే కాక, మూత ఒక పరీక్ష కూడా. మాట స్పష్టంగా వస్తూ, మూతతో హాయిగా నడవగలుగుతున్నారంటే పై కొమ్మ తెరుచుకుని ఉన్నట్టే. మూత తీస్తేనే బాగుంది అన్న రోజున పై కొమ్మలో ఏదో అడ్డుపడింది.

టీ ట్యూబ్ పెట్టిన మూడో వారంలో అదే జరిగింది. తెల్లవారుజామున కూతురు ఫోన్ చేశారు. "డాక్టరు గారూ, అమ్మకు మాట రావడం లేదు. మూత పెడితే ఊపిరాడటం లేదంటోంది." మూడు రాత్రులుగా హాయిగా ఉందని మూత తీసి పడుకున్నారట. హాయిగా అనిపించడమే మొదటి సూచన, పై కొమ్మ అప్పటికే కొంత ఇరుకైంది. మూత తీసేసరికి ఇంకా ఎండింది.

డిశ్చార్జ్‌కు ముందు ఆ అమ్మాయి చేత బొమ్మ మీద రెండు సార్లు అభ్యాసం చేయించాం. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అదే వరుసలో చేయమన్నాను. మూత తీసి ఉంచు, అమ్మను నిటారుగా కూర్చోబెట్టు, 3 మి.లీ. సెలైన్ పోసి, కఫం లాగే సక్షన్ గొట్టాన్ని ముందు కిందికి, తర్వాత పైకి పంపు. కిందికి గొట్టం సాఫీగా వెళ్లింది, అంటే ఊపిరికి దారి ఉంది. ఆ మాట విన్నాకే నా గుండె కుదుటపడింది. పైకి రెండోసారి సెలైన్ పోశాక గోధుమ రంగు పెచ్చు ఒకటి వచ్చింది. ఫోన్‌లోనే తల్లి గొంతు వినిపించింది. ఉదయం బ్రాంకోస్కోపీలో గొట్టం శుభ్రంగా ఉంది.

కిందికి గొట్టం వెళ్లకపోయి ఉంటే చేయవలసినది వేరు. బయటి కొమ్మను గట్టిగా పట్టుకుని టీ ట్యూబ్‌ను లాగేసి, అదే రంధ్రంలో ట్రేకియాస్టమీ గొట్టం పెట్టి, అంబులెన్స్ పిలవాలి. అందుకే 6 నంబరు ట్రేకియాస్టమీ గొట్టం ఆమె మంచం పక్కన ఎప్పుడూ ఉండేది. మెడలో వేసుకునే కార్డు మీద కూడా ఈ విషయాలు రాసి ఉంచాం. లోపల సిలికాన్ గొట్టం ఉందని, అత్యవసరంలో ఆక్సిజన్ ముఖానికీ మెడకూ రెండు చోట్లా ఇవ్వాలని, బ్యాగ్‌తో గాలి ఇస్తే ఒక దారిలోంచి బయటికి పోతుంది కాబట్టి రెండో దారి మూయాలని. మామూలు స్టెంట్ ఉన్నవారి కార్డు మీద ఉండాల్సినది వేరు: చూడకుండా గుడ్డిగా గొట్టం వేస్తే స్టెంట్ కిందికి నెట్టుకుపోతుంది, చిన్న గొట్టాన్ని బ్రాంకోస్కోప్‌తో చూస్తూ స్టెంట్ లోపలి నుంచి దించాలి. ఏ రోగి కార్డు ఆ రోగిది. అచ్చు వేసిన ఒకే నమూనా అందరికీ పంచడం ప్రమాదం.

టీ ట్యూబ్‌తో వ్యాయామానికి పెద్ద ఆంక్షలు లేవు. మూత పెట్టే నడిపించాం. మెడను వెనక్కి బాగా వంచే వ్యాయామాలు తీసేశాం. బరువులు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే మూత టప్పున ఊడి ఎగిరిపడేది, అదే ఆమెకు గురువైంది. ఎత్తేటప్పుడు గాలి వదలడం వారంలో అలవాటు చేసుకున్నారు. ప్రతి సెషన్ ముందు కొత్తగా చేర్చినది, ఒక్క శ్వాసలో మామూలు వేగంతో అంకెలు లెక్కపెట్టించడం, పీక్ ఫ్లో ఊదించడం. రెండూ కలిపి రెండు నిమిషాలు. నడక, వాసన, గొంతు, నిద్ర, ఈ రెండు అంకెలు, అన్నీ ఇప్పుడు ఒకే పేజీలో, ఒకే వరుసలో రాస్తున్నాం. పీక్ ఫ్లో రోగి సొంత మెరుగైన అంకె కంటే ఐదో వంతు తగ్గితే ఆ రోజు వ్యాయామం లేదు, బ్రాంకోస్కోపీ విభాగానికి ఫోన్. ఈ ఐదో వంతు మేము పెట్టుకున్న గీత. ఒకటి రెండు సార్లు అనవసరంగా పంపినా నాకు అభ్యంతరం లేదు.

రక్తం గురించి ఒక మాట. గొట్టంలో కొద్దిగా ఎర్రటి చారలు కనిపించడం గ్రాన్యులేషన్ వల్ల కావచ్చు. కానీ ట్రేకియాస్టమీ గానీ టీ ట్యూబ్ గానీ ఉన్నవారిలో అకస్మాత్తుగా తాజా రక్తం వచ్చి ఆగిపోతే, ఆగిందని ఊరుకోకూడదు. శ్వాసనాళం ముందు నుంచి దాటే పెద్ద ధమని గోడ అరిగితే మొదట ఇలాగే కొద్దిగా కారి ఆగుతుంది, గంటల్లోనో రోజుల్లోనో రెండోసారి ప్రాణం తీస్తుంది. మా రోగికి ఇది రాలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఫోన్‌లో సలహాలు ఇవ్వను, నేరుగా ఆసుపత్రికి రమ్మంటాను.

సర్జరీ, ఆ తర్వాత

టీ ట్యూబ్ పెట్టిన 11వ వారానికి ఆరు నిమిషాల్లో 390 మీటర్లు నడిచారు. బరువు 49 కిలోలు. స్టెరాయిడ్ ఆపి ఆరు వారాలు దాటింది. సర్జన్లు 3 సెంటీమీటర్ల శ్వాసనాళాన్ని తీసి కొసలు కలిపి కుట్టారు. కుట్ల మీద లాగుడు పడకుండా గడ్డాన్ని ఛాతీ మీది చర్మానికి కలిపి వారం పాటు ఒక గట్టి కుట్టు ఉంచారు. తల వంచి ఉన్న ఆ వారంలో మా పని ఒక్కటే. గడ్డం పైకి లేపనివ్వకుండా కూర్చోబెట్టడం, నిలబెట్టడం, నాలుగడుగులు వేయించడం, హఫ్ చేయించడం. నిద్రలేచి హఫ్ చేయడం ఆమెకు అప్పటికి బాగా వచ్చు. ఆ వారం అదే ఆమెను కాపాడింది.

ఎనిమిది వారాల తర్వాత నడక 445 మీటర్లు. ఎఫ్‌ఈవీ1 1.78 లీటర్లు, పీక్ ఫ్లో నిమిషానికి 330. భాగిస్తే 5.4. ఒక్క శ్వాసలో 31 దాకా లెక్కపెట్టారు. టీ ట్యూబ్‌తో మొదలుపెట్టిన రోజున అది 19.

మూడో నెల బ్రాంకోస్కోపీలో కుట్ల చోట చిన్న గ్రాన్యులేషన్ కనిపించింది. దారిని ఏమాత్రం అడ్డుకోవడం లేదు కాబట్టి ముట్టుకోలేదు, ఆరో నెలలో మళ్లీ చూడాలి. అంతదాకా పీక్ ఫ్లో మీటర్ ఇంట్లోనే ఉంచుకుని, వారానికోసారి మూడు సార్లు ఊది, అన్నిటికంటే ఎక్కువ వచ్చిన అంకెను పంపమన్నాం. కూతురు ప్రతి ఆదివారం పంపుతున్నారు. నిన్న వచ్చినది 335.